పద్మినికి ఏరియల్ బిగించే ముందు

ఒరేయ్ అల్లుడూ,

మీ తాత పద్మిని కారులో డిజిటల్ రేడియో పెడుతున్నావని మీ అమ్మ చెప్పింది. లండన్ నుంచి మీ అన్న పంపిన సెట్టు, అద్దానికి అంటించే ఏరియల్ ఫొటోలో చూశాను. దాన్ని అట్టపెట్టెలోనే ఉంచు. అది డాబ్ అని లండన్ వైపు వాడే డిజిటల్ పద్ధతి సెట్టు. ఆ ప్రసారాలు 174 నుంచి 240 మెగాహెర్ట్జ్ మధ్య వస్తాయి కాబట్టి జానెడున్నర ఏరియల్ చాలు. మన దేశంలో ఆ ప్రసారాలే లేవు. ఆకాశవాణి ఎంచుకున్న డిజిటల్ పద్ధతి డీఆర్ఎం. అది నడిచేది ఎక్కువగా మీడియం వేవ్ మీద. కొనాల్సింది డీఆర్ఎం పట్టే సెట్టు. ఏరియల్ మాత్రం కొనక్కర్లేదు. మడ్‌గార్డ్ మీద తాత పెట్టించిన పాత కడ్డీయే దీనికీ పనికొస్తుంది. డిజిటల్ అని ప్రత్యేకంగా అమ్మేవాడిని నమ్మకు.

అసలు తంటా ఎర్త్‌తో. కడ్డీని పట్టి ఉంచే అడుగు బిగింపు బాడీ రేకుకి తగలాలి, పెయింటుకి కాదు. నా కుర్రతనంలో ఒకాయన బండికి, రంగు పాడవుతుందని గీకకుండా బిగించేశాను. ఆయన భీమిలి వెళ్లొచ్చి, యాక్సిలరేటర్ తొక్కితే రేడియో కుయ్యిమంటోందన్నాడు. మూడు రోజులు సెట్టునే తిట్టుకున్నాను. తప్పు నాదే. మడ్‌గార్డ్ లోపలి వైపు, వాషర్ కూర్చునేంత మేర సాండ్ పేపర్‌తో తెల్లగా గీకు. బిగించాక పైన గ్రీజు పూయి. మనది సముద్రగాలి, వదిలేస్తే ఒక్క వానాకాలానికే తుప్పు పడుతుంది. కన్నం చుట్టూ రబ్బరు వాషర్ మరిచిపోకు.

వైరు పొడవు చాలకపోతే టీవీ కేబుల్ ముక్క అతకొద్దు. కారు ఏరియల్ వైరు వేరు. మీడియం వేవ్ మీద ఆ అతుకు సగం సిగ్నల్ మింగేస్తుంది.

పాత బండికి పాయింట్లు (కాయిల్ కరెంటుని తెంచి కలిపే స్విచ్చు), కాయిల్ (ప్లగ్గులకి హై వోల్టేజీ ఇచ్చేది), డైనమో అన్నీ రేడియోలో గోల చేసేవే. మామూలు రేడియో అయితే చరచరమంటూనే పాట వినిపిస్తుంది. డిజిటల్‌కి ఆ మొహమాటం లేదు, గోల హద్దు దాటితే చప్పున మూగబోతుంది. అందుకని ప్లగ్గులకి గోల తగ్గించే రెసిస్టర్ క్యాపులు వేయించు. కాయిల్‌కి ఇగ్నిషన్ కరెంటు వచ్చే కొన దగ్గర, గోలని అణిచే సప్రెసర్ కండెన్సర్ పెట్టు. పాయింట్ల వైపు కొనకి పెట్టావో, బండి సరిగ్గా స్టార్ట్ అవదు.

సెట్టు డ్యాష్‌బోర్డు పెట్టెలో దాచు. తాత డ్యాష్‌బోర్డుని కోశావంటే మీ అమ్మ ఊరుకున్నా నేను ఊరుకోను.

ముందు పాత రేడియోతోనే 927 కిలోహెర్ట్జ్ మీద మన విశాఖ కేంద్రం పెట్టి, ఇంజను ఆన్‌లో ఒకసారి, ఆఫ్‌లో ఒకసారి విను. రెండింటికీ తేడా ఉంటే గోల బండిదే. ఆదివారం పొద్దున్నే బండి కంచరపాలెం తీసుకురా, కలిసి చూద్దాం. అత్త ఉప్మా చేస్తానంది. డ్రిల్లు మాత్రం తేకు.

మీ మావయ్య