ఎన్‌ఐసీయూ (పసికందుల ఐసీయూ)లో కవలలు: ఇద్దరికీ నా పాలు చాలతాయా?

ప్రశ్న: మాది కడప. బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో ఉంటున్నాం. నాకు 30వ వారంలోనే కవలలు పుట్టారు. బాబు 1,350 గ్రాములు, పాప 1,100. ఇవాళ మూడో రోజు. రోజంతా పిండినా 15 మి.లీ. దాటడం లేదు. బాలింతవి, నీళ్లు ఎక్కువ తాగొద్దు, పథ్యం చెయ్యాలని అత్తయ్య అంటున్నారు. డబ్బా పాలు పట్టమని డాక్టరుని అడగాలా?

జవాబు: తొందరపడకండమ్మా. ముందు లెక్క చూద్దాం. ఇంత చిన్న బిడ్డలకు మొదట్లో కిలో బరువుకు రోజుకు సుమారు 20 మి.లీ. చొప్పున, ట్యూబ్ ద్వారా పాలు మొదలుపెడతారు. మీ పాపకైతే 22 మి.లీ., అంటే రెండు గంటలకోసారి ఇచ్చే ఫీడ్‌కు రెండు మి.లీ. కూడా కాదు. బాబుకు 27. మిగతా పోషణ నరం ద్వారా వెళ్తుంది. ఈ లెక్కన మీ 15 మి.లీ. ఇద్దరి వాటాలో దాదాపు మూడో వంతు. మూడో రోజుకు అది తక్కువేమీ కాదు. తగ్గినదానికి డబ్బా పాల కన్నా ముందు దాత పాల (వేరే తల్లులు దానం చేసిన పాల) గురించి అడగండి. పాల బ్యాంకులో ఆ పాలను 62.5 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు వేడిచేసి ఇస్తారు. బెంగళూరులో వాణీవిలాస్ ప్రభుత్వాసుపత్రిలోనూ పాల బ్యాంకు ఉంది. నెలలు నిండని బిడ్డలకు డబ్బా పాలు పడితే పేగులు దెబ్బతినే జబ్బు వచ్చే అవకాశం పెరుగుతుంది. అందుకే తల్లిపాల కోసం ఇంత పట్టుబడతారు.

అసలు పని రాబోయే రెండు వారాల్లో ఉంది. పూర్తి ఫీడ్‌కు వచ్చాక కిలోకు 150 నుంచి 180 మి.లీ. కావాలి. ఇప్పటి బరువుకే ఇద్దరికీ కలిపి 370 నుంచి 440 మి.లీ. అవుతుంది. బరువు పెరిగే కొద్దీ అదీ పెరుగుతుంది. కాబట్టి రెండో వారం చివరికి రోజుకు 600 మి.లీ. దాకా తెచ్చుకుంటే నిశ్చింత. రోజుకు 8 నుంచి 10 సార్లు పిండాలి. అందులో ఒకటి రాత్రి 2, 5 గంటల మధ్య ఉండాలి. ఆ ఒక్కటీ మానేస్తే మర్నాడే తగ్గకపోయినా, వారం తిరిగేసరికి తేడా తెలుస్తుంది.

మొదటి రెండు మూడు రోజులు పంపు కన్నా చెయ్యే మేలు. ముర్రుపాలు చిక్కగా ఉండి పంపు గొట్టాలకే అంటుకుపోతాయి. బొటనవేలు, చూపుడువేలు చనుమొనకు అంగుళం వెనక, ఎదురెదురుగా ఉంచండి. ముందు ఛాతీ వైపు నొక్కి, తర్వాత వేళ్లు దగ్గరికి తెచ్చి, వదలండి. చర్మం మీద వేళ్లు జారనివ్వకండి. జారితే నొప్పి తప్ప పాలు రావు. చుక్కల్ని నేరుగా సిరంజిలోకి తీసుకోండి. తర్వాత రెండు వైపులా ఒకేసారి లాగే ఎలక్ట్రిక్ పంపు 15 నిమిషాలు వాడితే సమయం కలిసొస్తుంది. చనుమొన తెల్లబడినా, ఒరుసుకున్నా, రొమ్ముకు ఆనించే పంపు గరాటు సైజు మార్చండి.

ఇక నీళ్లు. దాహం వేసినప్పుడల్లా తాగండి. అన్నం, పప్పు, గుడ్డు, పెరుగు అన్నీ తినండి. పథ్యం పేరుతో తిండి తగ్గిస్తే మీరు నీరసపడతారు, అంతే. అత్తయ్యగారికి మా మాటగా చెప్పండి.

ఇంటి నుంచి తెచ్చే పాలను ఫ్రిజ్ డోర్‌లో కాకుండా లోపలి అరలో వెనక పెట్టండి. నాలుగు రోజుల్లో వాడేస్తారంటే గడ్డకట్టించక్కర్లేదు. అవుటర్ రింగ్ రోడ్ ట్రాఫిక్ సంగతి మీకు తెలిసిందే. ఐస్ ప్యాకులతో ఉన్న డబ్బాలోనే తీసుకెళ్లండి. ప్రతి సీసా మీదా తల్లి పేరు, ఐపీ నంబరు (ఆసుపత్రిలో చేరినప్పుడు ఇచ్చే నంబరు), తేదీ, పిండిన వేళ రాయండి. బిడ్డ ఒకటి, బిడ్డ రెండు అని విడివిడిగా రాయాలో వద్దో వార్డులో అడగండి.

ప్రశ్న: మా కవలల్లో పాప సీప్యాప్ (ముక్కు ద్వారా గాలి పంపి ఊపిరికి సాయపడే యంత్రం) మీద ఉంది. మానిటర్ మోగితే నాకు కాళ్లూ చేతులూ ఆడవు. తండ్రిని, నేను ఎత్తుకోవచ్చా?

జవాబు: ఎత్తుకోవచ్చు. బిడ్డ నిలకడగా ఉందని డాక్టర్ చెబితే సీప్యాప్ ఉన్నా కంగారూ కేర్ (బిడ్డను ఛాతీ మీద ఒంటికి ఆన్చి పెట్టుకోవడం) చేయొచ్చు, అది తండ్రీ చేయొచ్చు. రోజుకు 8 నుంచి 24 గంటలు చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది. మనకు కుదిరినంత. కానీ ఒకసారి కూర్చుంటే గంటకు తగ్గొద్దు. ఇంక్యుబేటర్ నుంచి బయటికి తీయడమే బిడ్డకు అలసట, పది నిమిషాలకే తిరిగి పెట్టేస్తే ఆ అలసటే మిగులుతుంది. ముందు బటన్లున్న చొక్కా వేసుకోండి, సెంటు వద్దు, ఉంగరం, గడియారం తీసేసి మోచేతుల దాకా కడగండి. బిడ్డకు టోపీ, డైపర్ చాలు. కప్పలా కాళ్లు ముడిచి ఛాతీకి ఆన్చి, తల పక్కకి తిప్పి, గడ్డం కాస్త పైకి ఉంచాలి. గడ్డం ఛాతీకి ఆనితే ఊపిరి ఆడదు.

మోత వినగానే తెర వైపు కాదు, బిడ్డ వైపు చూడండి. రంగు బాగుండి, ఛాతీ కదులుతుంటే చాలాసార్లు పాదానికి చుట్టిన ప్రోబ్ (మానిటర్‌కు కలిపే సెన్సర్) జారి ఉంటుంది. 20 సెకన్లు ఊపిరి ఆగినా, రంగు నీలిగా మారినా వెంటనే నర్సును పిలవండి. నెలలు నిండనివాళ్లకు ఊపిరి ఇలా ఆగడం సాధారణమే, దీనికి కెఫీన్ మందు ఇస్తారు.

ప్రశ్న: బాబును ఇంటికి పంపుతామంటున్నారు. పాప ఇంకా అక్కడే. ఇద్దర్నీ ఒకేసారి తీసుకెళ్దామని ఆపించొచ్చా?

జవాబు: ఆపించకండి. బాబు సిద్ధంగా ఉన్నాడంటే ఆసుపత్రిలో ఇన్‌ఫెక్షన్ భయం తప్ప వాడికి కొత్తగా ఒరిగేదేమీ లేదు. ఇంటి దగ్గర వాణ్ని చూసే మనిషి ఎవరో, మీరు పాప దగ్గరికి వెళ్లే వేళలేమిటో ముందే తేల్చుకోండి. బాబుకు తేనె, ఉగ్గు, గ్రైప్ వాటర్, కాటుక ఏవీ వద్దు.

డిశ్చార్జి కాగితంలో కంటి పరీక్ష తేదీ ఉందో లేదో చూడండి. 34 వారాల లోపు పుట్టినా, 2,000 గ్రాముల లోపు ఉన్నా పుట్టిన 30 రోజుల్లో రెటీనా (కంటి లోపలి పొర) పరీక్ష జరగాలి. 28 వారాల లోపు పుట్టినవాళ్లకీ, 1,200 గ్రాముల లోపు ఉన్నవాళ్లకీ ఇంకా ముందే, రెండు మూడు వారాలకే. బాబు ఇంట్లో ఉన్నాడని ఈ గడువు మారదు, పాప ఎన్‌ఐసీయూలో ఉన్నా అక్కడికే కంటి డాక్టర్ని పిలిపిస్తారు. టీకాలకు పుట్టిన తేదీనే లెక్క. కూర్చోవడం, నడవడం లాంటివాటికి మాత్రం డెలివరీకి డాక్టర్ ఇచ్చిన తేదీ నుంచి లెక్కపెట్టుకోండి.