వీడియోలో కీచుమనే కప్ప, నమాక్వా వాన కప్ప రెండూ ఒకటేనా?

మీ ఫ్రెండు దక్షిణాఫ్రికాలోని స్ప్రింగ్‌బాక్ ఊరి దగ్గర తీసిన కప్ప ఫోటో చూసి మీరడిగిన ప్రశ్న ఇది. ఒకటి కాదు, దగ్గరి చుట్టాలు. రెండింటి ఇంటిపేరూ, అంటే శాస్త్రీయ నామంలో మొదట వచ్చే ప్రజాతి పేరు, బ్రెవిసెప్సే. 2013లో అందరూ చూసిన ఆ వీడియోలోది ఎడారి వాన కప్ప, అంటే బ్రెవిసెప్స్ మాక్రాప్స్. రెండోది బ్రెవిసెప్స్ నమాక్వెన్సిస్. మొహం చూసి పోల్చుకుందామంటే కష్టం. రెండూ నూనెలో పొంగిన పూరీకి కళ్ళు అతికించినట్టే ఉంటాయి.

నేను దక్షిణాఫ్రికాలోని ఉపింగ్టన్ దగ్గర సోలార్ ప్లాంటులో పనిచేసేటప్పుడు, ఒక ఆగస్టులో నమాక్వాలాండ్ పూలు చూద్దామని వెళ్ళి సముద్రం ఒడ్డునున్న పోర్ట్ నోలోత్ ఊళ్ళో ఆగాను. రాత్రి సముద్రం మీంచి పొగమంచు కమ్మేసింది. ఇసుక దిబ్బల మీద చిన్న చిన్న అడుగుల వరస కనిపించింది. దాని చివర ఎడారి కప్ప. గెంతడం లేదు, పొట్టి కాళ్ళతో తాపీగా నడుస్తోంది. మాతో వచ్చిన గైడుకు పరిశోధన అనుమతి ఉంది. దాన్ని గాజు గిన్నెలో పెట్టి కిందినుంచి టార్చి వేశాడు. పొట్ట చర్మం అద్దంలా ఉంది, లోపలి అవయవాలు కనిపించాయి! అరికాళ్ళు నున్నగా, వేళ్ళ మధ్య మందపాటి చర్మంతో తెడ్డుల్లా ఉన్నాయి. మెత్తటి ఇసుకలో అవే దానికి పారలు.

రెండు రోజుల తర్వాత లోపలి ఊళ్ళ వైపు, వాన పడ్డ రాత్రి, నమాక్వా కప్ప దొరికింది. దాని పొట్టకు ఆ అద్దం లేదు, కాళ్ళు తెడ్డుల్లా లేవు, కళ్ళు కూడా కాస్త చిన్నవి. మాక్రాప్స్ అంటేనే పెద్ద కళ్ళది అని అర్థం.

పిల్లల్ని కనే పద్ధతి రెండింటిదీ ఒకటే. గుడ్లు మట్టిలోపలే పెడతాయి, తోకకప్ప దశ నీళ్ళలో గడవదు, బుల్లి కప్పలే బయటికొస్తాయి. మగదాని చేతులు ఆడదాన్ని చుట్టేంత పొడుగుండవు కాబట్టి జిగురుతో అంటుకుని ఉంటుంది. మా ఊళ్ళో వాన కోసం కప్పతల్లి ఆడేవాళ్ళం. ఎడారి కప్పకు మాత్రం వాన రాకపోయినా పొగమంచు తడి చాలు. అందుకే సముద్రం ఒడ్డు సన్నటి పట్టీ దాటి లోపలికి రాదు. ఆ పట్టీలోనే వజ్రాల తవ్వకాలు జరగడం దాని ఖర్మ.

మీ ఫ్రెండు ఫోటో స్ప్రింగ్‌బాక్ దగ్గర తీసిందంటున్నారు. తీరానికి అంత దూరంలో ఎడారి కప్ప ఉండదు. నమాక్వాదేనని నా అనుమానం. కాళ్ళు కనిపించే ఫోటో ఉంటే పెట్టండి, చూసి చెప్తాను.