జావా లూప్‌లో ప్లస్‌తో స్ట్రింగ్‌లు కలిపితే ప్రోగ్రామ్ ఎందుకు నెమ్మదిస్తుంది?

పది వేల లైన్లను లూప్‌లో ప్లస్‌తో కలుపుతుంటే ప్రోగ్రామ్ నత్తనడక నడుస్తోందని అడిగారు. జావాలో స్ట్రింగ్‌ను, అంటే అక్షరాల వరుసను, ఒకసారి తయారుచేశాక మార్చలేం. అందుకే కలిపిన ప్రతిసారీ అప్పటిదాకా ఉన్న అక్షరాలన్నీ కొత్త స్ట్రింగ్‌లోకి మళ్లీ కాపీ అవుతాయి. లైనుకు 50 అక్షరాలనుకుంటే, చివరికి మిగిలేది 5 లక్షల అక్షరాలే అయినా, కాపీ అయ్యేవి దాదాపు 250 కోట్లు!

లూప్ బయట ఒక స్ట్రింగ్‌బిల్డర్ (మార్చడానికి వీలున్న అక్షరాల డబ్బా లాంటిది) పెట్టుకుని, లోపల ప్రతి లైన్‌నూ దానికి అపెండ్ చేయండి, అంటే చివర చేర్చండి. దాన్ని మామూలు స్ట్రింగ్‌గా మార్చే టుస్ట్రింగ్‌ను లూప్ అయ్యాక ఒక్కసారే పిలవండి. బిల్డర్ మామూలుగా 16 అక్షరాల చోటుతో మొదలై, నిండినప్పుడల్లా సుమారు రెట్టింపవుతుంది. చివరి సైజు ముందే తెలిస్తే బిల్డర్‌ను తయారుచేసేటప్పుడు కన్‌స్ట్రక్టర్‌లోనే ఇచ్చేయండి, అలా పెంచుకునే ఖర్చూ తప్పుతుంది.

ఒకే లైన్‌లో పేరు, ఊరు కలిపే చోట మాత్రం ప్లస్ నిశ్చింతగా వాడండి, అక్కడ కంపైలరే చూసుకుంటుంది.