సైటు ఉన్న అబ్బాయికి లోకో పైలట్ ఉద్యోగం వస్తుందా?

శృంగవరపుకోట నుంచి ఒక తండ్రి అడిగారు: "మావాడు ఐటీఐ ఎలక్ట్రీషియన్ చేశాడు. అరకు ఘాట్ దిగొచ్చే ఇనుప ఖనిజం గూడ్సులు చూసి లోకో పైలటే అవుతానంటున్నాడు. కొంచెం సైటు ఉంది, లాసిక్ (సైటు పోగొట్టే లేజర్ ఆపరేషన్) చేయిస్తే సరిపోతుందా? కోచింగ్‌లో చేర్చమంటారా?"

ఆగండి సార్, ఆపరేషన్ మాట అసలే వద్దు. రైలింజను నడిపేవాళ్ళు మొదట చేరేది అసిస్టెంట్ లోకో పైలట్‌గా, దానికి ఏ-1 మెడికల్ ఉంటుంది. అంటే అద్దాలు లేకుండా రెండు కళ్ళకూ 6/6, అంటే లోపం లేని పూర్తి చూపు ఉండాలి, రంగులు తేడా తెలియాలి, లాసిక్ చేయించుకున్నవాళ్ళని తీసుకోరు. నా దగ్గరికొచ్చిన ఒకబ్బాయి పరీక్షలన్నీ గట్టెక్కి కంటి చార్టు కింది వరుస దగ్గర ఆగిపోయాడు, రెండేళ్ళు పోయాయి. కాబట్టి ఫీజు కట్టేముందే కంటి డాక్టరుకి చూపించండి.

ఇంత పట్టింపు దేనికంటే, మీ ఊరి మీదుగా పోయే లైనే చూడండి. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా గనుల ఖనిజం విశాఖ రేవుకి తేవడానికి 1960లలో వేసిన కొత్తవలస–కిరండూల్ లైను అది. శిమిలిగుడ దగ్గర 996 మీటర్ల ఎత్తు, అక్కణ్ణుంచి కిందికి సొరంగాలు, వంపులు, కొన్నిచోట్ల 60 మీటర్లకి ఒక మీటరు వాలు. వినడానికి ఏముందిలే అనిపిస్తుంది గానీ, లోడుతో 80 టన్నులుండే వ్యాగన్లు 58 ఉంటే 4,600 టన్నులు వెనక నుంచి తోసుకొస్తుంటాయి. దిగేటప్పుడు బండిని లాగే పనేం లేదు, పట్టి ఉంచడమే. వేగం పెరిగాక చూద్దాంలే అంటే కుదరదు, ఎందుకంటే రైలు బ్రేకులు గాలి ఒత్తిడితో పనిచేస్తాయి, మాటిమాటికీ వేసి వదిలితే ఆ గాలి మళ్ళీ నిండేలోపే ఇంకోసారి అవసరం పడుతుంది, బ్రేకు దిమ్మలు కాగి పట్టు తగ్గుతుంది. అందుకే ఇంజను మోటార్లనే బ్రేకుగా వాడతారు, అవి కరెంటు పుట్టించి పైతీగలోకి తిరిగి పంపుతాయి. ఇదంతా జరుగుతుంటే పక్కసీట్లో అసిస్టెంటు ప్రతి సిగ్నల్‌నీ రంగుతో సహా బయటికి పలకాలి, వంపు దగ్గర తల తిప్పి వెనక వ్యాగన్లు చూసుకోవాలి. తెల్లవారుజాము మూడింటికి, అరకు మంచులో కూడా.

చూపు బాగుంటే నిక్షేపంగా పంపండి. రెండు కంప్యూటర్ పరీక్షలు, తర్వాత ఆప్టిట్యూడ్ టెస్టు. అందులో ప్రతి భాగంలోనూ 42 టీ-స్కోరు (అందరి మార్కులతో పోల్చి లెక్కగట్టే స్కోరు) రావాలి, ఒక్కదాంట్లో తగ్గినా అంతే. ఏడో వేతన కమిషన్ లెక్కన మొదటి బేసిక్ 19,900, పైన తిరిగిన కిలోమీటర్లకి అలవెన్సు. పండగ పూట ఇంట్లో ఉంటాడని మాత్రం అనుకోకండి.

చూపు సరిపోకపోతే టెక్నీషియన్ గ్రేడ్-3 పోస్టులున్నాయి, వాటిలో చాలావాటికి అద్దాలతో చూపు సరిపోతే చాలు. ఆ ఇంజన్లని షెడ్డులో విప్పి బిగించేది ఐటీఐ కుర్రాళ్ళే కదా. కంటి రిపోర్టు వచ్చాక రాయండి, కోచింగ్ సంగతి అప్పుడు మాట్లాడదాం.