కాల్గరీకి వెళ్తానంటున్న మేనల్లుడికి

మిస్సిసాగా,
నవంబరు 2025.

చి. కార్తీక్‌కు, అత్తయ్య దీవెనలు.

నిన్న ఫోన్లో "కాల్గరీలో టాక్సే లేదంట కదత్తయ్యా, ఆ ఉద్యోగానికే ఊ అనేస్తా" అన్నావు. ఎవరు చెప్పారో గానీ నీకు సగమే చెప్పారు. ఫోన్లో లెక్కలు చెబితే ఊఁ కొట్టి వదిలేస్తావని రాస్తున్నాను. ఇరవై ఏళ్ళు కిరాణా కొట్టు ఖాతాలు రాసిన చెయ్యి ఇది, కాస్త ఓపిగ్గా చదువు.

కాల్గరీ ఉన్న అల్బర్టాలో లేనిది ప్రావిన్స్ (కెనడాలో రాష్ట్రాన్ని అలా అంటారు) వేసే అమ్మకం పన్ను ఒక్కటే. ఒట్టావా, అంటే కేంద్ర ప్రభుత్వం, వేసే 5 శాతం జీఎస్టీ అక్కడా కట్టాల్సిందే. మన దేశంలో జీఎస్టీ రేటు వస్తువును బట్టి మారుతుంది, ఇక్కడ ప్రావిన్స్‌ను బట్టి మారుతుంది. మనముండే ఆంటారియోలో 2010 నుంచి ప్రావిన్స్ 8 శాతాన్ని జీఎస్టీతో కలిపేసి హెచ్‌ఎస్‌టీ అని 13 శాతం వసూలు చేస్తున్నారు. బ్రిటిష్ కొలంబియాలో 5, 7 విడివిడిగా బిల్లులో కనబడతాయి. క్విబెక్‌లో జీఎస్టీ పక్కన 9.975 శాతం. నోవా స్కోషియా వాళ్ళు ఈ ఏప్రిల్‌లోనే 15 నుంచి 14కు దించారు.

అయితే అన్నిటి మీదా పడదు. బియ్యం, కందిపప్పు, పాలు, కూరగాయలకు ఎక్కడైనా సున్నా. పాయసంలోకి పచ్చి జీడిపప్పు కొంటే పన్ను లేదు, అదే ఉప్పేసి వేయించింది కొంటే ఉంది. చిప్స్‌కు ఉంది. డోనట్లు ఆరు కొంటే లేదు, ఐదు కొంటే ఉంది! నేను కొట్లో చేరిన కొత్తలో ఇది వేళాకోళం అనుకున్నాను, నిజమే. ఇంటద్దెకు కూడా ఈ పన్ను ఉండదు. అంటే నీ ఖర్చులో పెద్ద ముక్కలు రెండూ, తిండీ అద్దే, దీనికి దొరకవు.

బిల్లులో పన్ను కలిపిన ధర నుంచి అసలు ధర కావాలంటే 13 శాతం తీసెయ్యకూడదు, 1.13తో భాగించాలి. 113 డాలర్లను భాగిస్తే సరిగ్గా 100 వస్తుంది. 13 శాతం తీసేస్తే 98.31 దగ్గర తేలుతుంది. ఖాతాలు రాసేవాళ్ళే ఇక్కడ తప్పు చేస్తారు.

నీకు నిజంగా తేడా పడేది కారు దగ్గర. పాత కారు ఎవరి దగ్గరైనా నేరుగా కొన్నావనుకో, ఆంటారియోలో నీ పేరుకు మార్చుకునేటప్పుడు సర్వీస్ ఆంటారియో కౌంటర్ దగ్గర 13 శాతం కట్టాలి. కాయితం మీద తక్కువ ధర రాయించుకుందాం అని నీ స్నేహితులు సలహా ఇస్తారు, వినకు. ఆ కౌంటర్ వాళ్ళ పుస్తకంలో ఆ కారుకు ఒక విలువ ఉంటుంది, రెండిట్లో ఏది ఎక్కువైతే దాని మీదే వేస్తారు. అల్బర్టాలో అలా మనిషి దగ్గర మనిషి కొంటే పన్ను లేదు. 12,000 డాలర్ల కారుకు 1,560 మిగిలినట్టే.

ఇక జీతం. నీకు ఇక్కడా కాల్గరీలోనూ ఏడాదికి 60,000 అన్నారు కదా. ఒట్టావాకు వెళ్ళే పన్ను రెండు చోట్లా ఒకటే, పక్కన పెట్టు. ప్రావిన్స్ పన్ను మాత్రం లెక్క వేద్దాం. ఆంటారియోలో ఈ ఏడాది మొదటి 52,886కు 5.05 శాతం, అంటే 2,671. మిగిలిన 7,114కు 9.15 శాతం, అది 651. మొత్తం 3,322. ఇందులోంచి అందరికీ ఇచ్చే బేసిక్ మినహాయింపు 12,747 మీద 5.05 శాతం, అంటే 644 తీసెయ్యి. 2,678 మిగిలింది. దానికి హెల్త్ ప్రీమియం అని ఇంకో 600 కలుపుతారు, ఈ సంగతి చాలామందికి తెలియదు. చేరింది 3,278.

అల్బర్టాలో 60,000 దాకా 8 శాతం, 4,800. అక్కడ మినహాయింపు పెద్దది, 22,323. దాని మీద 8 శాతం 1,786 పోతే 3,014. చూశావా, తేడా 264 డాలర్లు! సీపీపీ (పింఛను), ఈఐ (నిరుద్యోగ బీమా) కోతలకు ఇచ్చే తగ్గింపు కూడా చూస్తే ఇంకో వంద దాకా పెరుగుతుంది, అంతే. "టాక్సే లేని" ఊరికీ మన ఊరికీ జీతం దగ్గర ఉన్న తేడా ఇంతే. జీతం లక్ష దాటి ఇంకా బాగా పైకి వెళ్తే మాటే వేరు, అక్కడ అల్బర్టా గట్టిగా లాభిస్తుంది. ప్రస్తుతానికి నువ్వు చూసుకోవాల్సింది ఏ ఊళ్ళో అద్దె ఎంత, కారు అవసరమా కాదా, ఆ ఉద్యోగంలో నేర్చుకునేది ఎంత అని.

వెళ్ళేటట్టయితే ఒకటి గుర్తుంచుకో. ఏడాదిలో ఎక్కడెక్కడ పనిచేశావన్నది కాదు, డిసెంబరు 31న నీ కాపురం ఏ ప్రావిన్స్‌లో ఉందో మామూలుగా ఆ ఏడాది జీతమంతటికీ ఆ ప్రావిన్స్ పన్నే. ఇక్కడి కంపెనీ ఇక్కడి రేటున కోసుకున్నది రిటర్నులో సర్దుబాటవుతుంది. పైగా నువ్వు ఆగస్టులో దిగావు కాబట్టి మొదటి ఏడు ఆ బేసిక్ మినహాయింపు నీకు మామూలుగా పూర్తిగా రాదు, ఉన్న రోజుల లెక్కనే వస్తుంది. పైన వేసింది నిండు ఏడాది లెక్క.

చేరిన రోజు, జీతంలో పన్ను ఎంత కొయ్యాలో తేల్చే టీడీ1 ఫారాలు రెండిస్తారు, ఒకటి ఫెడరల్, ఒకటి ప్రావిన్స్. సాయంత్రాలు రెండో ఉద్యోగం పెట్టుకుంటే అక్కడ మాత్రం మినహాయింపు అడగకు. నేను రెండు చోట్లా అడిగాను. నెలనెలా చేతికి ఎక్కువొస్తోందని మురిసిపోయాను, ఏప్రిల్‌లో మీ మామయ్య దగ్గర అప్పు తీసుకుని కట్టాను. ఇప్పటికీ దెప్పుతారు.

ఇంటి సంగతులు కూడా దాచకు. గుంటూరు ఫ్లాటు నీ పేర ఉంది కదా, నువ్వు దిగిన రోజు నుంచి దాని అద్దె ఇక్కడి రిటర్నులో చూపించాలి. విదేశాల్లో ఉండేవాళ్ళు ఇండియా బ్యాంకులో పెట్టుకునే ఎన్‌ఆర్‌ఈ డిపాజిట్ వడ్డీకి ఇండియాలో పన్ను లేకపోయినా ఇక్కడ ఉంది. మనవాళ్ళు ఎక్కువగా చిక్కుకునేది ఇందులోనే. ఆ ఫ్లాటు నువ్వు దిగిన రోజున ఎంత పలికేదో ఒక వాల్యుయర్ చేత ఇప్పుడే రాయించి పెట్టమని మీ నాన్నతో చెప్పు. రేపు అమ్మితే లాభం ఆ రోజు ధర నుంచే లెక్కకడతారు గానీ మీ తాతయ్య కొన్న ధర నుంచి కాదు.

ఏడాది జీతం, కోతలు చూపించే టీ4 కాయితం ఫిబ్రవరి ఆఖరుకల్లా చేతికొస్తుంది. గడువు ఏప్రిల్ 30. మొదటి రిటర్ను ఎవరికో డబ్బిచ్చి వేయించకు. మా ఇంటికొచ్చి నువ్వే వెయ్యి, కాల్గరీలో ఉంటే వీడియో కాల్ పెట్టు. నేను పక్కన కూర్చుంటాను, నోరు మాత్రం మెదపను. ఆ ఫ్లాటు కాయితాలు మర్చిపోకు.

నీ అత్తయ్య