గ్లూకోజ్, లాక్టోజ్ రెండూ ఉంటే బ్యాక్టీరియా గ్లూకోజే ముందు ఎందుకు తింటుంది? ఏది ఉందో దానికెలా తెలుస్తుంది?

పీజీలో ఈ ప్రయోగం నా చేతులతో చేశాను, అందుకే రాస్తున్నాను.

ఫ్లాస్కులో ఈ.కోలై, కొద్దిగా గ్లూకోజ్, దానికి నాలుగింతలు లాక్టోజ్. 37 డిగ్రీల షేకర్‌లో పెట్టి, పావుగంటకోసారి శాంపిల్ తీసి స్పెక్ట్రోఫోటోమీటర్‌లో రీడింగ్ చూడాలి. బ్యాక్టీరియా పెరిగేకొద్దీ ద్రవం మబ్బుగా మారి ఆ అంకె పెరుగుతుంది. మొదట చకచకా పెరిగింది. తర్వాత 0.31. మళ్లీ 0.31. ఆ తర్వాత 0.32. నా పార్ట్‌నర్‌కి టెన్షన్ పట్టుకుంది. కల్చర్ చచ్చిపోయింది, పారబోసి మళ్లీ మొదలుపెడదాం అంది. నేను వద్దన్నాను.

ప్రతి శాంపిల్‌లోనూ ఓఎన్‌పీజీ అనే రంగులేని రసాయనం కలుపుతున్నాం. లాక్టోజ్‌ను విడగొట్టే బీటా గెలాక్టోసిడేజ్ అనే ఎంజైమ్ ఉంటే అది పసుపు రంగుకు తిరుగుతుంది. అప్పటిదాకా అన్ని ట్యూబులూ నీళ్లలాగే ఉన్నాయి. ఆ మూడో 'ఆగిపోయిన' రీడింగ్ ట్యూబు వెనక తెల్లకాగితం పెట్టి చూస్తే, సన్నగా పసుపు! తర్వాతి దాంట్లో ఇంకాస్త ముదిరింది. కాసేపటికి పెరుగుదలా మొదలైంది. ఆ ముప్పావుగంటా కణాలు లాక్టోజ్ తినడానికి కావలసిన ఎంజైములు తయారు చేసుకుంటూ ఉన్నాయన్నమాట. ఫ్రెంచ్ శాస్త్రవేత్త జాక్ మోనో 1941లో తన డాక్టరేట్ థీసిస్‌లో చూపించిన రెండు మెట్ల గ్రాఫ్ అచ్చంగా ఇదే.

ఇక ఎలా తెలుస్తుందంటే, గ్లూకోజ్‌ను లోపలికి లాక్కునే ప్రోటీన్లలోనే ఒకటి, ఆ పని సాగుతున్నంతసేపూ లాక్టోజ్ వచ్చే దారికి, అంటే పర్మియేజ్‌కి, అడ్డుపడుతుంది. లాక్టోజ్ లోపలికి రాకపోతే, ఆ ఎంజైముల జన్యువులను ఆపి ఉంచే ప్రోటీన్, అంటే రిప్రెసర్, డీఎన్ఏ మీద నుంచి లేవదు. గ్లూకోజ్ తగ్గితే పెరిగి ఈ జన్యువులను ఉసిగొల్పే సైక్లిక్ ఏఎంపీ అనే సంకేత పదార్థం సంగతి అందరూ చెబుతారు, అదీ నిజమే. కానీ అసలు తాళం ఈ దారి దగ్గరే ఉందని నా గట్టి అభిప్రాయం. పాఠాల్లో దీన్ని ఒక్క వాక్యంలో దాటేస్తారు, ఒపెరాన్ (ఒకే అదుపులో ఉండే ఈ జన్యువుల వరుస) బొమ్మ మాత్రం మార్కుల కోసం పదిసార్లు గీయిస్తారు.

ఇంకో బాధ, ఈ ఒపెరాన్‌ని 'స్విచ్' అనడం. పూర్తిగా ఆఫ్ అయ్యే స్విచ్ అయితే ఇది ఎప్పటికీ ఆన్ కాదు. రిప్రెసర్‌ని కదిలించేది లాక్టోజ్ కాదు, దాని నుంచి తయారయ్యే అల్లోలాక్టోజ్. అలా మార్చేది కూడా బీటా గెలాక్టోసిడేజే. లోపలికి తెచ్చే పర్మియేజ్ కూడా ఆ ఒపెరాన్‌దే. అంటే రెండూ ముందే ఎంతో కొంత ఉండాలి. సరిగా కట్టని కుళాయిలా ఆ జన్యువులు ఎప్పుడూ బొట్టుబొట్టుగా కారుతూనే ఉంటాయి. నీళ్లలా కనిపించిన మా మొదటి ట్యూబుల్లోనూ ఆ ఎంజైమ్ ఉంది, కంటికి ఆనేంత లేదంతే.