రీఫ్ ట్యాంకుకి పంపులు కొనబోయే మేనల్లుడికి

తిరుపతి

చిరంజీవి అల్లుడికి, మామయ్య ఆశీస్సులు.

చిత్తూరు ఇంట్లో మూడడుగుల ట్యాంకు పెట్టావని, ఉప్పునీళ్లలో కోరల్స్, అంటే పగడపు జీవుల్ని పెంచబోతున్నావని మీ అమ్మ చెప్పింది. లైట్లకే చాలా డబ్బు అయిపోయిందట, పంపులకు పెద్దగా మిగల్లేదట. దానికి టెన్షన్ పడకు. తక్కువ డబ్బుతోనూ మంచి ప్రవాహం వస్తుంది. కాకపోతే ఎక్కడ తగ్గించుకోవచ్చో, ఎక్కడ తగ్గించకూడదో తెలిసి కొనాలి. ఫోన్లో చెబితే సగం మర్చిపోతావని రాసి పంపుతున్నాను.

కోరల్ ఉన్నచోటు నుంచి కదలలేదు. తిండి దాని దగ్గరికే రావాలి, అది వదిలే జిగురూ మురికీ అక్కడి నుంచి పోవాలి, ఆక్సిజన్ అందాలి. ఇదంతా నీటి కదలిక చేసే పని. లెదర్ కోరల్ అనే మెత్తటి రకాన్నే చూడు. అప్పుడప్పుడూ ముడుచుకుని, ఒంటి మీద మైనం లాంటి పొర వేస్తుంది. నీళ్లు బాగా ఆడుతుంటే ఆ పొర అంచులు లేచి పేలికలుగా ఊడిపోతాయి, కొన్నాళ్లకు దాని మీద పువ్వుల్లా ఉండే పాలిప్స్ మళ్లీ విచ్చుకుంటాయి. నీళ్లు ఆడని మూలలో పెడితే పొర అక్కడే అంటుకుని, దాని మీద పాచి పట్టి, కిందంతా పాడవుతుంది. అలా పాడైనప్పుడు చాలామంది లైటును అనుమానిస్తారు, మందులు పోస్తారు.

నీకు రెండు రకాల పంపులు కావాలి. ట్యాంకు కింద పెట్టే సంప్ అనే తొట్టి నుంచి నీళ్లు పైకి తోసే రిటర్న్ పంపు ఒకటి, ట్యాంకు లోపల నీళ్లను తిప్పే వేవ్‌మేకర్లు ఇంకొకటి. ప్రవాహమంతా రిటర్న్ పంపుతోనే తెచ్చుకుందామని పెద్దది కొనకు. డబ్బు ఎక్కువగా వృథా అయ్యేది అక్కడే. ట్యాంకులో ఉన్న నీళ్లకు గంటకు నాలుగైదు రెట్లు పైకి వస్తే చాలు. మిగతా పని వేవ్‌మేకర్లు చాలా తక్కువ కరెంటుతో చేసేస్తాయి, వాటికి నీళ్లను ఎత్తే పని లేదు కదా.

పెట్టె మీద రాసిన లీటర్లు చూసి మాత్రం కొనకు. మన మామిడితోటలో బోరు మోటారు సంగతి నీకు తెలిసిందే, నీళ్లు లోతుకు పోయేకొద్దీ అదే మోటారు పైకి పోసేది తగ్గిపోతుంది. ఇక్కడా అంతే. పెట్టె మీద ఉండేది ఎత్తు లేనప్పటి లెక్క. పక్కనే హెచ్ మ్యాక్స్ అని ఇంకో అంకె ఉంటుంది. ఆ ఎత్తుకు చేరేసరికి పంపు తిరుగుతూనే ఉంటుంది, నీళ్లు మాత్రం రావు. నీ సంప్ నుంచి ట్యాంకు అంచుకు నాలుగడుగులు, అంటే దాదాపు 1.2 మీటర్లు ఉందనుకో. హెచ్ మ్యాక్స్ 2.5 మీటర్లున్న పంపైతే పెట్టె మీది అంకెలో సుమారు సగం వస్తుందని లెక్క వేసుకో. పైపు వంపులకు ఇంకొంచెం పోతుంది. బిగించాక పైపు చివర పది లీటర్ల బకెట్ పట్టి గడియారం చూడు. నిమిషంలో నిండితే గంటకు 600 లీటర్లు. నీ ట్యాంకుకి అది సరిపోతుంది.

ఎలా సరిపోతుందంటావా? మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు అంటే 6.75 ఘనపు అడుగులు. ఘనపు అడుగుకు 28.3 లీటర్ల చొప్పున 190 లీటర్లు. రాళ్లు, ఇసుక, పైన వదిలిన ఖాళీ తీసేస్తే నీళ్లు 160 లీటర్ల దాకా ఉంటాయి. ఆ 600 లీటర్లు దానికి దాదాపు నాలుగు రెట్లు. సాఫ్ట్ కోరల్స్‌కి, అంటే మెత్తటి రకాలకి, వేవ్‌మేకర్ల నుంచి గంటకు 15, 20 రెట్లు చాలు, అంటే 2,400 నుంచి 3,200 లీటర్లు. రాతి కోరల్స్‌లో కొమ్మల రకాలకు 40 రెట్లు, ఆ పైన కూడా అడుగుతారు. నువ్వు వాటి జోలికి ఇప్పుడే పోవద్దు. మన సముద్రాల్లోని రాతి కోరల్స్, సీ ఫ్యాన్‌లు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో, అంటే గట్టి రక్షణ ఉన్న జాబితాలో ఉన్నాయి. ఎవరైనా చవగ్గా ఇస్తామన్నా వద్దను. జోయాంథస్, మష్రూమ్, లెదర్ లాంటి మెత్తటి రకాలు కూడా సక్రమంగా తెచ్చినట్టు కాగితాలు అడిగే కొను. పంపుల ఖర్చు కూడా వీటికైతే తగ్గుతుంది.

ఇక నేను గట్టిగా చెప్పే మాట: ఆ 3,000 లీటర్లు ఒకే పెద్ద వేవ్‌మేకర్‌తో తేవద్దు, రెండు చిన్నవి కొను. ఒక్కటే అయితే ధార ఒకే వైపు కొడుతుంది. ఎదురుగా ఉన్న కోరల్ చర్మం చీరుకుపోతుంది, రాళ్ల వెనక మురికి కదలదు. రెండు ధారలు ఎదురెదురుగా, కాస్త ఏటవాలుగా వచ్చి మధ్యలో గుద్దుకుంటే నీళ్లు అన్ని దిక్కులకూ చెదురుతాయి, సముద్రంలో ఉన్నట్టే. పైగా ఒకటి చెడిపోయినా రెండోది తిరుగుతుంటుంది. మన ఎండాకాలంలో ఇది చిన్న విషయం కాదు. నీళ్లు వేడెక్కేకొద్దీ అందులో ఆక్సిజన్ తగ్గుతుంది, దానికి తోడు ప్రవాహం ఆగితే కొన్ని గంటల్లోనే చేపలు పైకి తేలి గుటకలు వేస్తాయి.

రెండింటిలో ఒకటి కంట్రోలర్ ఉన్న డీసీ పంపు తీసుకో. జెబావో లాంటి చైనా కంపెనీలవి సరిపోతాయి. రెండోది మామూలు ఏసీది, అంటే నేరుగా ఇంటి కరెంటుతో ఒకే వేగంతో తిరిగేది చాలు. డీసీది వేగం తగ్గిస్తూ పెంచుతూ తిప్పుకోవచ్చు. ఏసీ పంపును టైమర్‌కి పెట్టి మాటిమాటికీ ఆపి తిప్పితే త్వరగా అరిగిపోతుంది. జర్మనీ టుంజె, అమెరికా వోర్‌టెక్ గొప్పవే. వోర్‌టెక్‌కి మోటారు గాజు బయటే ఉంటుంది కాబట్టి దాని వేడి నీళ్లలోకి రాదు. కానీ ఇప్పుడు అంత పెట్టనక్కర్లేదు.

నీళ్లలో మునిగి ఉండే పంపు తినే కరెంటంతా చివరికి నీళ్లలో వేడిగానే తేలుతుంది. అందుకని వాట్లు చూసి కొను. 20 వాట్ల పంపు రాత్రింబవళ్లు తిరిగితే నెలకు 14 యూనిట్ల పైనే, 5 వాట్లదైతే మూడున్నర యూనిట్లు. మే నెలలో ఆ తేడా బిల్లులోనూ తెలుస్తుంది, థర్మామీటర్లోనూ తెలుస్తుంది. ఇంట్లో ఇన్వర్టర్ ఉంది కదా, కరెంటు పోతే ఒక వేవ్‌మేకర్ దాని మీద తిరిగేలా లైను వేయించు.

డబ్బు మిగులుతుందని ఎయిర్ కూలర్ మోటారు మాత్రం వేయకు. ఉప్పునీళ్లలో దాని స్క్రూలు, ఇనుప భాగాలు తుప్పు పడతాయి. రాగి ముక్క ఏదైనా ఉందంటే కోరల్స్, రొయ్యలు బతకవు. సముద్రపు నీళ్లకు పనికొస్తుందని రాసి ఉండాలి, ఇరుసు సెరామిక్‌ది అయి ఉండాలి. సెకండ్ హ్యాండ్ దొరికితే తప్పు లేదు, కానీ మూత విప్పించి ఇంపెల్లర్, అంటే లోపల తిరిగే అయస్కాంతం ఉన్న రెక్కను చేతిలోకి తీసుకో. అయస్కాంతం ఉబ్బినా, పగిలి తుప్పు కనబడినా వదిలేసి వచ్చెయ్. స్పేర్ ఇంపెల్లర్ దొరుకుతుందా అని అడగడం మర్చిపోకు. చెన్నై వెళ్లే పని ఉంటే అక్కడి కొళత్తూరు అక్వేరియం అంగళ్లలో చేత్తో పట్టుకుని చూసి కొనుక్కోవచ్చు.

రబ్బరు కప్పుతో అతికేవి వద్దు. రాత్రిపూట ఊడి కింద పడితే ఇసుకంతా లేపి కోరల్స్ మీద పోస్తుంది. అయస్కాంతంతో పట్టేదే తీసుకో. ఒకదాన్ని నీటి మట్టానికి కాస్త కిందగా పెట్టి పైన అలలు లేచేలా తిప్పు, ఆక్సిజన్ కలిసేది అక్కడే. తర్వాత చిటికెడు మేత వేసి, అది ఎక్కడ తిరుగుతోందో, ఎక్కడ పేరుకుంటోందో చూడు. పేరుకున్న మూల వైపు పంపును కొంచెం తిప్పు. పాలిప్స్ మెల్లగా ఊగుతుంటే సరిగ్గా ఉన్నట్టు. ఒకే వైపు వంగి ఉండిపోతే ధార ఎక్కువైనట్టు.

రెండు మూడు నెలలకోసారి వెనిగర్, నీళ్లు సమంగా కలిపి పంపును గంటసేపు నానబెట్టి, పాత బ్రష్‌తో రుద్ది కడుగు. నిమ్మ ఉప్పు నీళ్లైనా పరవాలేదు. వైర్లు సాకెట్ కంటే కిందికి వంగి పైకి వెళ్లాలి, లేకపోతే వైరు మీద జారే ఉప్పునీళ్లు నేరుగా సాకెట్లోకి పోతాయి. ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్ లేకపోతే మిగతా ఏది ఆగినా సరే, ముందు అది పెట్టించు. ఇంట్లో చిన్నపిల్లలున్నారు.

అయస్కాంతం పట్టు చూసుకోవడానికి ట్యాంకు గాజు మందం ఎన్ని మిల్లీమీటర్లో, సంప్ అడుగు నుంచి ట్యాంకు అంచు దాకా ఎత్తు ఎంతో కొలిచి నాకు పంపు. అవి చూశాక ఏ పంపు సరిపోతుందో చెబుతాను. అందాకా ఏదీ ఆర్డర్ పెట్టకు.

మీ మామయ్య